అమెరికా ఎకినేసియా నల్గొండ డాబా మీద ఏళ్ల తరబడి ఉంటుందా?

సార్, మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఉన్న మీ అమ్మాయి ఇంటి ముందు ఎకినేసియా, అంటే అక్కడివాళ్లు పర్పుల్ కోన్‌ఫ్లవర్ అనే మొక్క, విరగబూసింది. ఒకసారి నాటితే ఏటా అదే వేరు నుంచి లేస్తుందని, నీళ్లు కూడా పెద్దగా అక్కర్లేదని వాళ్లు చెప్పారు. నల్గొండలో మీ డాబా మీద కుండీల్లోనూ, దేవరకొండ వైపు ఊళ్లో ఉన్న చెల్క గట్టు మీదా దాన్ని పెంచాలని మీ కోరిక. అమ్మాయి వచ్చేటప్పుడు విత్తనాలు తేవచ్చా, జలుబుకు మంచి మందంటున్నారు నిజమేనా, మన నేలలో పుట్టిన ఇలాంటి పువ్వు అసలు లేదా అని కూడా అడిగారు.

డాబా మీద ఒక సీజన్ పూయించవచ్చు. కాస్త శ్రమ ఉంటుంది, కానీ అయ్యే పనే. అదే మొక్కను రెండో ఏడు, మూడో ఏడు నిలబెట్టడం మాత్రం చాలా కష్టం. ఇక చెల్క గట్టు మీద దాని కోసం పైసా కూడా ఖర్చు పెట్టకండి. నర్సరీ పనిలో ఇన్నేళ్లుగా ఉన్నవాడిగా చెప్తున్నాను, సీమ మొక్కల విషయంలో జనం ఎక్కువగా మోసపోయేది 'బహువార్షికం' అనే మాట దగ్గరే. ప్యాకెట్ మీద ఆ మాట ఉంటే ఎక్కడ పెట్టినా ఏళ్ల తరబడి ఉంటుందనుకుంటారు. ఏ మొక్కయినా తను పడుకునే కాలం ఏదో, ఆ కాలం దొరికే చోటే ఏళ్ల తరబడి బతుకుతుంది. ఎకినేసియా పడుకునే కాలం మన దగ్గర లేదు. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

మొక్క సంగతి కొంచెం చెప్తాను. ఇది చామంతి, బంతి, పొద్దుతిరుగుడు కుటుంబంలోదే. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి చిన్న చిన్న పూల గుంపు. కిందికి వాలి ఉండే గులాబీ-ఊదా రేకు ఒక్కోటి ఒక్కో పువ్వు. మధ్యలో నారింజ రంగు ముళ్ల దిమ్మలా కనిపించే దాంట్లో ఉన్నవీ పూలే, బయటి వరుస నుంచి లోపలికి ఒక్కో వరుసా విచ్చుకుంటూ పోతాయి. అందుకే ఒక్కో పువ్వు వారాల తరబడి తాజాగా కనిపిస్తుంది. ఎకినేసియాల్లో పదికి అటూ ఇటూగా జాతులున్నాయి. అన్నీ ఉత్తర అమెరికా మధ్య, తూర్పు ప్రాంతాలవే, వేరే ఏ ఖండంలోనూ సొంతంగా పుట్టలేదు. మీ అమ్మాయి ఇంటి ముందున్నది ఎకినేసియా పర్పురియా. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీన్ని రుడ్బెకియాలు అనే మరో రకం పూల మొక్కల్లో కలిపేశాడు. 1794లో మోన్ష్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త విడదీసి ఇప్పటి పేరు పెట్టాడు. టెన్నెస్సీ రాష్ట్రంలో మాత్రమే దొరికే ఇంకో ఎకినేసియా అంతరించిపోయే స్థితికి రావడంతో 1979లో అక్కడి ప్రభుత్వ రక్షణ జాబితాలోకి ఎక్కింది. బాగా కోలుకున్నాక 2011లో ఆ జాబితా నుంచి తీసేశారు. అంటే అక్కడ కూడా ఇవన్నీ దారి పక్కన పిచ్చిమొక్కల్లా దొరికేవి కావు.

మనకు పనికొచ్చే తేడా వేళ్ల దగ్గర ఉంది. అంగుస్టిఫోలియా, పల్లిడా అనే జాతులకు తల్లివేరు లోతుగా దిగుతుంది, గట్టి మైదానాల్లో ఎండను తట్టుకునేది ఆ వేరుతోనే. పర్పురియాకు అలాంటి తల్లివేరు లేదు. మొదలు దగ్గర పొట్టి దుంపలాంటి భాగం, దాని చుట్టూ పీచువేళ్లు ఉంటాయి. ఇది పలచని అడవుల అంచుల్లో, కొంచెం తేమ ఉండే గడ్డిమైదానాల్లో పెరిగేది. 'నీళ్లు పెద్దగా అక్కర్లేదు' అన్న పేరు ఎకినేసియాలన్నిటికీ వచ్చింది గానీ, మీరు పెంచాలనుకుంటున్నది వాటిలో కాస్త సుకుమారి.

ఇప్పుడు మిస్సోరిలో దాని ఏడాది చూడండి. ఏప్రిల్‌లో నేల వేడెక్కగానే మొదలు నుంచి ఆకులు లేస్తాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా పూస్తుంది. జూలై మధ్యాహ్నాలు 31, 32 డిగ్రీలుంటే రాత్రి 21, 22కి దిగుతుంది. వాన ఏడాది మొత్తం మీద సుమారు 1000 మిల్లీమీటర్లు, అదీ ఏ నెలకానెల కొంత కొంత పడుతుంది. అక్టోబరు, నవంబరు కల్లా పైభాగం ఎండిపోతుంది. జనవరి రాత్రులు సున్నా కిందికి పోతాయి, నేల గడ్డకడుతుంది. ఆ మూడు నాలుగు నెలలు వేరు మంచి నిద్రలో ఉంటుంది. వేసవి అంతా ఆకులు చేసిన చక్కెర వేరులో నిల్వగా దాగి ఉంటుంది, చలికి పెద్దగా ఏదీ ఖర్చు కాదు. ఏప్రిల్‌లో లేచేది ఆ నిల్వ మీదే.

అదే మొక్క నల్గొండలో ఎలా ఉంటుందో చూడండి. మన చలికాలం రాత్రులు సాధారణంగా 14, 15 డిగ్రీలకు దిగుతాయి. దానికి అది నిద్రపోయే చలి కాదు, చక్కగా పెరిగే వాతావరణం. కాబట్టి డిసెంబరు, జనవరిలో ఆకులు నిగనిగలాడుతూ ఉంటాయి, చూసిన వాళ్లు ఇంకేం, మొక్క కుదురుకుంది అనుకుంటారు. మార్చి నుంచి కథ మారుతుంది. మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే. దానికంటే పెద్ద దెబ్బ రాత్రి వేడి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో తెల్లవారుజామున కూడా డాబా సిమెంటు వెచ్చగానే ఉంటుంది. మొక్క పగలు తయారు చేసుకున్నది రాత్రి ఊపిరికే ఖర్చయిపోతుంది. అంత ఎండలో పగలు తయారయ్యేదే తక్కువ. వేరులో దాచుకోవడానికి మిగిలేది ఉండదు, పైగా పాతది కరుగుతూ పోతుంది. అలా నీరసించిన వేరు మీద మృగశిర వాన పడుతుంది. కుండీ రోజుల తరబడి తడిగా ఉంటే మొదలు కుళ్లుతుంది. ఎండకు చచ్చిందని అందరూ అంటారు గానీ, చాలాసార్లు చివరికి చంపేది తొలకరి తడే.

ఇంకో చిక్కు ఉంది, దీని గురించి విత్తనం అమ్మేవాళ్లెవరూ చెప్పరు. పూత ఎప్పుడు రావాలో ఈ మొక్క పగటి నిడివి చూసి నిర్ణయించుకుంటుంది. పగలు 14 గంటల చుట్టుపక్కల ఉంటే ఎకినేసియా బాగా మొగ్గ తొడుగుతుంది, 12 గంటల పగటికి చాలా మొక్కలు ఆకులు వేసుకుంటూ కూర్చుంటాయి. మిస్సోరిలో జూన్‌లో పగలు దాదాపు 15 గంటలు. మనం 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం. ఇక్కడ ఏడాదిలో అతి పెద్ద పగలు 13 గంటలు దాటి కొన్ని నిమిషాలే. అదీ ఎప్పుడు? మే చివర, జూన్‌లో, అంటే మొక్క ప్రాణం మీదికి వచ్చే రోజుల్లో. చల్లగా ఉన్నప్పుడు పగలు చిన్నది, పగలు పెద్దదయ్యేసరికి ఎండ ముదురుతుంది. అక్కడ రెండూ కలిసొస్తాయి, ఇక్కడ ఎడముఖం పెడముఖం. ఇంటి చామంతికి సరిగ్గా దీనికి వ్యతిరేక గుణం. పగలు తగ్గితేనే పూస్తుంది, కాబట్టి మన కార్తీకం, మార్గశిరం దానికి హాయి. ఒకే కుటుంబమే అయినా లెక్క తిరగబడింది.

అయినా ఒకసారి చూడాలని ఉంది అంటారా, తప్పేం లేదు, నాకూ ఇలాంటి పంతాలు ఇష్టమే. చేసే పద్ధతి చెప్తాను.

విత్తనం కొనేటప్పుడే మొదటి ఏడే పూసే రకం ఎంచుకోండి. మామూలు పర్పురియా విత్తనం వేస్తే చాలావరకు రెండో ఏడే పూస్తుంది, మన దగ్గర రెండో ఏడుదాకా ఉంచడమే కష్టం కాబట్టి ఆ దారి దండగ. పౌవౌ వైల్డ్ బెర్రీ, షయాన్ స్పిరిట్ అనే రకాలు విత్తిన సీజన్‌లోనే పూయడానికి పేరు పడ్డాయి. ఈ రెండింటికీ అమెరికాలో కొత్త రకాలను పెంచి చూసి మంచివాటిని ఎంపిక చేసే ఆల్ అమెరికా సెలెక్షన్స్ గుర్తింపు వచ్చింది, మొదటిదానికి 2010లో, రెండోదానికి 2013లో. మొదటిది ముదురు గులాబీ రంగు, రెండోది ఒకే ప్యాకెట్లో ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు అన్నీ వచ్చే మిశ్రమం. మ్యాగ్నస్ అనే పేరు కూడా మీకు తగులుతుంది, 1998లో అక్కడ ఆ ఏటి ఉత్తమ బహువార్షిక మొక్కగా ఎంపికైన రకం. అందమైనదే, కానీ మనకు దాంతో పని లేదు.

ఈ విత్తనాలకు తడి చలి తగిలితే మొలక సమంగా వస్తుంది. బతుకమ్మ పేర్చే రోజుల్లో, అంటే ఉత్తర కార్తె నుంచి, కడిగిన ఇసుకను పిండితే నీరు కారనంత తడి చేసి, విత్తనాలు కలిపి, జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో మూడు నాలుగు వారాలు ఉంచండి. డీప్ ఫ్రీజర్‌లో వద్దు. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పండి, ఏదో పాడైన ఇసుక అని పారేసే ప్రమాదం నిజంగానే ఉంది. దసరా దాటాక, చిత్త కార్తెలో ప్రోట్రేలో, అంటే నారు పెంచే గుంతల ట్రేలో, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నింపి విత్తండి. పైన మూడు మిల్లీమీటర్లకు మించి కప్పకండి. 20 నుంచి 24 డిగ్రీల వాతావరణంలో 10 నుంచి 20 రోజుల్లో మొలుస్తుంది. మొలకల మొదలు నీటిమచ్చలా మెత్తబడి వాలిపోతుంటే అది నారుకుళ్లు. నీళ్లు తగ్గించి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగుళ్ల మందు కలిపి మొదళ్లు తడపండి.

నాలుగైదు నిజమైన ఆకులు వచ్చాక, డిసెంబరు మొదట్లో, 12 అంగుళాల కుండీలోకి మార్చండి. మట్టి మిశ్రమం మీ చెల్క ఎర్రమట్టి రెండు పాళ్లు, దొడ్డు ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. రేగడి మట్టి మాత్రం చేతితో కూడా ముట్టుకోకండి, కుండీలో అది చెమ్మను వదలదు. ఆకులు మొలిచే మొదలు మట్టి మట్టానికి సమంగా ఉండాలి, లోపలికి పూడ్చితే కుళ్లుతుంది. యూరియా, డీఏపీ గుప్పెళ్లు వేస్తే కాడ పొడుగై పడిపోతుంది, పువ్వు తగ్గుతుంది. నెలకోసారి కాస్త వర్మీకంపోస్టు చాలు. నీళ్ల విషయంలో ఒక మాట. మన జిల్లాలో చాలా బోర్ల నీళ్లలో లవణాలు ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే, లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటుంటే, అది చాలావరకు నీటి వల్లే. భగీరథ నల్లా నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో వాడండి.

ఇక పగటి నిడివి. డిసెంబరు సగం నుంచి కుండీల మీద మూడు నాలుగు అడుగుల ఎత్తున ఒక 9 వాట్ల వెచ్చని రంగు ఎల్ఈడీ బల్బు కట్టి, టైమర్ ప్లగ్ పెట్టి, రాత్రి 10 నుంచి 2 దాకా వెలిగేలా చేయండి. సాయంత్రం నుంచే వెలిగించక్కర్లేదు. నడిరాత్రి వెలుతురు పడి చీకటి రెండు ముక్కలైతే మొక్కకు పగలు పెద్దదైనట్టే. ఇలా చేస్తే ఫిబ్రవరి చివర, మార్చిలో, ఎండ ముదరకముందే పువ్వు చూడవచ్చు. అదే డాబా మీద చామంతి కుండీలుంటే వాటిని ఈ వెలుతురు తగలనంత దూరం జరపండి, లేకపోతే ఆ ఏడు చామంతి పూయదు. పాలీహౌస్‌లలో చామంతి రైతులు పూత ఆలస్యం చేయడానికి వాడే ఉపాయం ఇదే. వాళ్లు పువ్వును ఆపడానికి పెట్టే బల్బును మీరు పువ్వు రప్పించడానికి పెడుతున్నారు.

పురుగుల గురించి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. పేనుబంక, పిండినల్లి కనిపిస్తే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. ఒక్క తెగులు మాత్రం గుర్తుపట్టాలి. పువ్వు రేకులు ఆకుపచ్చగా మారి, దిమ్మలోంచి ఆకుల కుచ్చులు లేస్తే ఆ మొక్కను వెంటనే పీకి కాల్చేయండి. అక్కడ దీన్ని ఆస్టర్ ఎల్లోస్ అంటారు, ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది, ఆకుల రసం పీల్చే దీపపు పురుగులు మోసుకొస్తాయి. నువ్వు చేలో వెర్రి తెగులు చూసే ఉంటారు, పువ్వు ఉండాల్సిన చోట చిట్టి ఆకుల గుత్తి. అదీ ఫైటోప్లాస్మాయే, దాన్నీ దీపపు పురుగులే మోస్తాయి. మందుతో నయమయ్యేది కాదు.

పూత అయిపోయాక ఏం చేయాలి? ఏప్రిల్ మొదట్లో కాడలు మొదలుకు నాలుగు అంగుళాల పైన కోసేసి, కుండీని డాబా నుంచి దించి, ఇంటికి తూర్పు పక్కన, ఉదయం తొమ్మిదింటి దాకా మాత్రమే ఎండ తగిలే చోట పెట్టండి. సగం నీడ ఇచ్చే గ్రీన్ నెట్ ఉంటే ఇంకా మంచిది. మట్టి పూర్తిగా ఎండకుండా, బురద కాకుండా చూసుకోవాలి. జూన్ నుంచి చూరు కింద పెట్టండి, కింద ప్లేటు తీసేయండి. ఇంత చేసినా పది కుండీల్లో ఒకటో రెండో మిగిలితే సంతోషించండి. నా సలహా అడిగితే, మార్చి పూలు చూసి, ఫోటోలు అమ్మాయికి పంపి, అక్కడితో వదిలేయండి. ఏటా కొత్త విత్తనం వేసుకునే మొక్కగా అనుకుంటే మనసుకూ హాయి.

విత్తనాలు సూట్‌కేసులో తెప్పించడం వద్దు సార్. మన దేశంలో మొక్కలు, విత్తనాల దిగుమతిని కట్టడి చేసే ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ 2003 అమల్లో ఉంది. బయటి దేశం నుంచి విత్తనం తేవాలంటే ఇక్కడి దిగుమతి పర్మిట్, తెగుళ్లు, పురుగులు లేవని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ రెండూ కావాలి. చిన్న ప్యాకెట్టే కదా అనిపిస్తుంది. మన చేల గట్ల మీద వయ్యారిభామను చూడండి. అమెరికా ఖండం నుంచి వచ్చి 1950ల నడుమ పూణే దగ్గర కనబడిన మొక్క ఇప్పుడు ఏ ఊరినీ వదల్లేదు. దాన్ని తినే పెంకు పురుగును మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలారు, ఇప్పటికీ వానాకాలంలో ఆకుల మీద గోధుమ చారల పురుగులు కనిపిస్తాయి, అవే. అయినా వయ్యారిభామ ఉండనే ఉంది. ఎకినేసియా అలా దండెత్తే రకం కాదు, కానీ విత్తనంతో పాటు ఏం వస్తుందో మనకు కనబడదు. ఇక్కడ లైసెన్సున్న విత్తన కంపెనీల దగ్గరే కొనండి.

జలుబు మందు సంగతి. అమెరికా మైదానాల్లోని మూలవాసులు ఎకినేసియా వేరును, ముఖ్యంగా అంగుస్టిఫోలియాను, పంటినొప్పికి, పాముకాటుకు, గొంతునొప్పికి వాడేవారు. తర్వాత అది మాత్రలుగా, టీగా పెద్ద వ్యాపారమైంది. జలుబును తగ్గిస్తుందనడానికి మాత్రం గట్టి ఆధారాలు లేవు. వయ్యారిభామ వల్ల చర్మం దద్దుర్లు, తుమ్ములు వచ్చేవాళ్లకు అదే కుటుంబం కాబట్టి దీంతోనూ ఎలర్జీ రావచ్చు. కుండీలో పెంచి కషాయం కాచుకోకండి.

దీన్ని చూసి ముచ్చటపడ్డ మనసుకు చెల్క గట్టు మీద ఏం పెట్టాలి? సులువైన జవాబు గైలార్డియా. ఇదీ అమెరికాదే, అయితే మనం మార్కెట్లో చూసే గైలార్డియా పుల్చెల్లా ఆ దేశపు దక్షిణ భాగం, మెక్సికోల ఎండకు అలవాటు పడ్డది. ఎరుపు మధ్య, పసుపు అంచు, దండలకు కూడా కడతారు. మృగశిర వానకు చెల్కలో చల్లితే రెండున్నర, మూడు నెలల్లో పూతకు వస్తుంది. ఏకవార్షికమే, కానీ రాలిన గింజ మళ్లీ మొలుస్తుంది కాబట్టి గట్టు ఖాళీగా ఉండదు.

నర్సరీలో ఎవరైనా వెడీలియా అంటగడితే మాత్రం తీసుకోకండి. పచ్చటి తివాచీలా పాకి, చిన్న పసుపు పూలు పూసే ఆ మొక్క చామంతి కుటుంబపు బహువార్షికమే, డివైడర్ల మధ్య బాగా పెట్టారు. ప్రపంచంలోని 100 అతి చెడ్డ చొరబాటు జీవుల జాబితాలో దాని పేరుంది. కాలువ గట్టు, చెరువు అలుగు దగ్గర తడి దొరికితే ఇంకేదీ లేవనివ్వదు.

మన సొంత పువ్వు ఏదని అడిగారు. మీ ఊరి దారిలోనే ఉంది, బ్రహ్మదండి. బీడు భూముల్లో, రోడ్డు పక్క కంకర మీద నడుముకు రాని ఎత్తులో, తెల్లటి-లేత నీలి ముళ్ల బంతుల్లాంటి పూలతో ఉంటుంది. శాస్త్రీయంగా ఎకినాప్స్ ఎకినేటస్. ఆ బంతిలో ప్రతి ముళ్ల కుచ్చులోనూ ఒక్కటే పువ్వు, అలాంటి కుచ్చులు పదుల కొద్దీ గుండ్రంగా చేరి ఒక బంతి అవుతాయి. ఎకినేసియా దిమ్మ మీకు నచ్చి ఉంటే ఇదీ నచ్చుతుంది. ఆకు అడుగున తెల్లటి నూగు నీటి ఆవిరిని ఆపుతుంది, ముళ్లు మేకను ఆపుతాయి, వేరు చెల్క అడుగుదాకా దిగుతుంది. కొన్ని పుస్తకాలు దీన్ని ఏకవార్షికమంటాయి, కొన్ని బహువార్షికమంటాయి. రెండూ నిజమే కావచ్చు. వేరుకు లోతు దొరికిన చోట నిలుస్తుంది, దొరకని చోట గింజ రాల్చి పోతుంది. మన ఎండకాలం దానికి కష్టకాలం కాదు, పైభాగం ఎండబెట్టుకుని ఊరుకునే కాలం. మిస్సోరిలో మంచు చేసే పని ఇక్కడ ఎండ చేస్తుంది.

ఒక జాగ్రత్త. ముళ్ల ఆకులు, పసుపు పువ్వు, తుంచితే పసుపు పాలు కారే మొక్కను కూడా కొన్ని ఊళ్లలో బ్రహ్మదండి అంటారు. అది ఆర్జిమోన్, గసగసాల కుటుంబం, ఇదీ మెక్సికో నుంచి వచ్చిందే. దాని గింజల నూనె ఆవాల నూనెలో కలిసి 1998లో ఢిల్లీలో ఎంతోమంది ప్రాణాల మీదికి తెచ్చింది. పాలు కారితే అది మీరు వెతికే మొక్క కాదు.

వరి కోసిన మళ్లలో, చెరువు నీళ్లు తీసిన చోట చలికాలంలో బోడసరం కనబడుతుంది, ఊదా రంగు గుండీల్లాంటి పూలు, చేత్తో నలిపితే ఘాటైన వాసన. గట్టు నీడన సహదేవి సన్నని ఊదా పూలతో ఉంటుంది. పిల్లలు పలక తుడిచే గడ్డి చామంతి, అదే నల్లారం, అంతటా ఉంటుంది. అది మనదనుకుంటాం గానీ, అదీ అమెరికా ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చిందే. కణుపు కణుపుకూ వేళ్లు దించుకుంటూ ఏళ్ల తరబడి నిలిచే రహస్యం దానికి తెలిసింది, సీతాకోకచిలుకలకు అది ఉంటే చాలు. పొలంలో ఇబ్బంది లేని చోట ఉండనివ్వండి.

బ్రహ్మదండి పెట్టాలంటే నారు పోయకండి, తల్లివేరు కదిలితే ఓర్చుకోదు. ఫిబ్రవరి, మార్చిలో బంతులు గడ్డి రంగుకు వచ్చి విడిపోతుంటాయి. గోనెసంచి చేతికి చుట్టుకుని తెంపి, ఎండబెట్టి, కర్రతో కొట్టి గింజ తీయండి. తొలకరికి గట్టు మీద వేలు మొదటి కణుపంత లోతులో రెండు మూడు గింజలు చొప్పున, అడుగున్నర ఎడంగా పెట్టండి. గట్టు మీద గడ్డి మందు కొట్టేవాళ్లుంటే ఆ ముక్క వదిలేయమని కౌలు రైతుకు ముందే చెప్పాలి. పశువులు, పిల్లలు నడిచే బాటకు మాత్రం రెండు గజాలు దూరంగా పెట్టండి, ఆ ముల్లు చెప్పులోంచి కూడా దిగుతుంది.